జ్ఞానమణి సైజు

పార్శిల్ విప్పుతుంటే పూంగొడి వేలికి గుండుసూది గుచ్చుకుంది.

"మళ్ళీ ఆవిడేనా?" అంది పక్క బల్ల దగ్గరి రాసాత్తి, తలెత్తకుండానే.

ఆవిడే. జ్ఞానమణి, ఏడో లైను, తేయాకు తోట, వాల్పారై కొండలు.

తిరుప్పూరులో కుర్తీలు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ అది. వాపసు వచ్చిన పార్శిళ్ళు విప్పే ఆ గదిలో జ్ఞానమణి పేరు తెలియని వాళ్ళు లేరు. పది తెప్పించుకుంటే ఎనిమిది తిప్పి పంపుతుంది. ప్రతిదానికీ ఓ చీటీ గుచ్చుతుంది.

ఈసారి చీటీలో ఇలా ఉంది: "వీపు చాలదు. చేతులు ముందుకు చాస్తే పట్టేస్తోంది. రెండు వేళ్ళ వెడల్పు వదలండి. ఆడవాళ్ళకి చేతులుంటాయని మీ కటింగ్ మాస్టర్‌కి చెప్పండి."

రాసాత్తి పకపకా నవ్వింది. "పోయిన వారం ఎం సైజు, ఈ వారం డబుల్ ఎక్సెల్. ఒళ్ళా అది, బెలూనా?"

పూంగొడి నవ్వబోయి ఆగింది. తను వేసుకున్నదీ ఆ కంపెనీ కుర్తీయే. కాన్పయ్యాక ఏ సైజు తీసుకున్నా చంకల్లో కోస్తూనే ఉంది. పదకొండు నెలల పాపని ఎత్తుకోవాలన్నా ముందు కుట్టు గురించి ఆలోచించాలి. ఇన్నాళ్ళూ తప్పు తన ఒంటిదే అనుకుంది.

ఓనరు తంగవేలు లోపలికొచ్చాడు.

"ఈ నెల వాపసులు సగానికి తగ్గకపోతే ఈ గదిలో ఒక్కరే మిగుల్తారు. ముందు ఆ తోటావిడ సంగతి చూడు పూంగొడీ. వేసుకు తిరిగి, మోజు తీరాక పంపుతోంది."

"మాసిన బట్ట ఒక్కటీ రాలేదన్నా."

"నువ్వు ఆవిడ తరపు లాయరువా? ఫోన్ చెయ్. తిక్కగా మాట్లాడితే బ్లాక్ చేసెయ్."

పూంగొడి ఫోన్ చేసింది. అవతల ఒకటే పిల్లల గోల.

"అమ్మా, కుర్తీల కంపెనీ నుంచి. అసలు మీ సైజెంతమ్మా?"

"నా సైజుతో నీకేం పని తల్లీ? మీ చార్టులో ముప్ఫై ఎనిమిదని రాశారు. టేపు పెడితే ముప్ఫై ఆరున్నర. ముందు దానికి జవాబు చెప్పు."

"వారానికో సైజు అడుగుతున్నారు కదమ్మా. ఇక్కడ మోసం అంటున్నారు."

"మోసమా?" ఆమె గొంతు లేచింది. "ఒంటితో పుట్టాం. దాన్ని చెక్కుకుని మీ గుడ్డలో దూరాలా? సరిపోయేదాకా పంపుతూనే ఉంటా. పో, రాసుకో!"

ఆ మాట పూంగొడికి ఎక్కడో తగిలింది. ఎవరూ తనకోసం అలా అనలేదు. కానీ మొగుడికి రెండు నెలలుగా పని లేదు. ఇంట్లో పాలపొడి డబ్బా అడుగంటింది.

కళ్ళు మూసుకుని బ్లాక్ నొక్కింది.

చీటీలు మాత్రం పారెయ్యలేకపోయింది.

జ్ఞానమణి పార్శిళ్ళు ఆగిపోయాయి. వాపసులు ఆగలేదు, ఇంకా పెరిగాయి. నెలాఖరుకి వారం ఉందనగా పూంగొడి ఆ చీటీలన్నీ సైజుల వారీగా పేర్చి, కటింగ్ మాస్టర్ ఆరుముగం ముందు పెట్టింది.

"ముప్ఫై ఏళ్ళుగా కోస్తున్నా. వాపసు గది పిల్లవి, నాకు నేర్పుతావా?"

"నేర్పను మాస్టర్. చూపిస్తా."

పాపని అందుకోబోతున్నట్టు రెండు చేతులూ ముందుకు చాచింది.

వీపు మీద కుట్టు పర్రున పిగిలింది.

కటింగ్ హాలంతా ఇటు తిరిగింది. ఎవరో కిసుక్కుమన్నారు. పూంగొడి చేతులు దించలేదు. చున్నీ లాక్కోలేదు.

"బట్ట మీరు కోసింది. ఒళ్ళు నాది. రెంటిలో ఏది మారుస్తారో మీరే చెప్పండి."

మాస్టర్ కత్తెర కింద పెట్టాడు.

"ఏవీ, ఆ చీటీలు ఇటివ్వమ్మా."

కొత్త కొలతల కుర్తీలు చూసి తంగవేలు ఇంకో నెల గడువిచ్చాడు. అవి బయటికెళ్ళాక వాపసులు సగం కాదు, పావుకి పడ్డాయి. గదిలో ఎవరి ఉద్యోగమూ పోలేదు. "మొదటిసారి నాకోసమే కుట్టినట్టుంది" అని ఎవరో రాస్తే తంగవేలు అందరికీ చదివి వినిపించాడు.

"ఆ తోటావిడకి బ్లాక్ తీసెయ్. ఒకటి ఊరికే పంపు" అన్నాడు.

ఏ సైజు పంపాలి? ఫోన్ చేస్తే స్విచాఫ్. పూంగొడి ఆలోచించి ఎక్సెల్ పెట్టింది. ఈసారి చీటీ తను రాసి గుచ్చింది: "మీ కొలతల్తో కుట్టిందే అమ్మా. మిమ్మల్ని ఆపేసింది నేనే. మన్నించండి."

పది రోజులకి ఆ పార్శిల్ వాపసు వచ్చింది.

లోపల కొత్త చేతిరాత, వంకర అక్షరాలు.

"మా తోటలో పిల్లల్ని చూసుకునే ఆయా జ్ఞానమణక్క. పోయిన నెల రిటైరై, తోటవాళ్ళిచ్చిన లైను ఇల్లు ఖాళీ చేసి కొండ దిగిపోయింది. ఎక్కడుందో తెలీదు. మేం ఆకు కోసేవాళ్ళం, నలభై మందిమి. ఒక్కొక్కరి ఒళ్ళూ టేపుతో కొలిచి, తెప్పించి, తొడిగి చూసి, తిప్పి పంపి, మీతో పోట్లాడింది మాకోసమే. ఈ కుర్తీ ఆమె పేరున వచ్చింది గనక మేం ఉంచుకోలేం. ఆమెకి పంపుదామన్నా, బుద్ధెరిగిన నాటి నుంచి ఆమె చీర తప్ప ఇంకోటి కట్టి ఎరగదు."