కుడిపక్క

“ఎడమకు! ఎడమకు తిప్పు!”

ముందు సీట్లో కూర్చున్న లీల అరిచింది. ఎదురుగా గడ్డి బండి వస్తోంది. బాలకిషన్ జీపు రోడ్డుకు కుడిపక్కన, తిన్నగా దాని మీదికే పోతోంది. బండి తోలే మనిషి పగ్గాలు బిగబట్టి లేచి నిలబడ్డాడు. అప్పుడు గానీ బాలకిషన్ స్టీరింగు తిప్పలేదు. జీపు ఎడమకు మళ్లి సాఫీగా సాగింది.

వెనక కూర్చున్న ఆడవాళ్లు తిట్లు లంకించుకున్నారు.

“మమ్ముల సంపుతవా ఏందిరా? ఆపు, దిగుతం,” అంది వజ్రమ్మ.

నడిదారిలోనే దిగింది. ఆమె వెంట మిగతావాళ్లూ దిగారు. ఖాళీ జీపు కోరుట్ల దారి పట్టింది. మొగుడికి ఎడమపక్క గుర్తు చేయడానికే లీల బీడీలు చుట్టే చాట మూలకు పెట్టి, పొద్దంతా ఈ సీట్లో కూర్చుంటోంది.

సౌదీకి పోకముందు కోరుట్ల, జగిత్యాల మధ్య బాలకిషన్‌ను మించిన డ్రైవరు లేడు. నిండు చూలాలిని ఆసుపత్రికి తీసుకుపోవాలంటే ఇంకో బండి ఎక్కించేవారు కాదు; అతని జీపు వచ్చేదాకా ఆగేవారు. ఆ పేరు మీదే డ్రైవరు వీసా దొరికింది. ఆరేళ్లకు తిరిగొచ్చాడని తెలియగానే, జీపు ఓనరు శంకరయ్య ఇంటికొచ్చి మరీ తాళంచెవి చేతిలో పెట్టాడు. మొదటిరోజే బస్టాండు ముందు జీపు కుడిపక్కకు పోయి నిలబడింది.

“ఆడ అంత కుడిపక్కనే నడుపుతరు సేట్. చెయ్యి అటే పోతున్నది,” అన్నాడు బాలకిషన్ తలవంచుకుని.

“కొన్ని దినాలైతె గదే సర్దుకుంటది తియ్,” అన్నాడు శంకరయ్య.

సర్దుకోలేదు. పంటలు కోతకొచ్చినా సర్దుకోలేదు. చాయ్ హోటల్లో అతనికి ‘సౌదీ డ్రైవరు’ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఒకప్పుడు చెయ్యెత్తి ఆపినవాళ్లే ఇప్పుడు ఆ జీపు కనబడితే రోడ్డు దిగి నిలబడుతున్నారు. ఇంత జరిగినా ఏ ఒక్కరికీ గీటు పడలేదు. అదంతా ధర్మపురి నర్సింహస్వామి దయ అని లీల మొక్కుకుంది.

ఒకనాటి పొద్దున ఇద్దరు పోలీసులు వాకిట్లో నిలబడ్డారు.

“బాలకిషన్ అంటె నువ్వేనా? బండి తియ్. సారంగాపూర్ దిక్కు పోవాలె. ఎస్సై సారు పిలుస్తున్నడు.”

లీల చేతిలో పని వదిలి వాకిట్లోకి వచ్చింది. ఆ రోజుల్లో అడవిలో నక్సలైట్ల కోసం గాలింపుకు పోలీసులు తమ బండ్లలో పోయేవారు కాదు. అన్నలు ఎక్కడ మందుపాతర పెట్టారోనని భయం. దొరికిన ప్రైవేటు జీపునూ, దాని డ్రైవరునూ పట్టుకుపోయేవారు. రానంటే అన్నల మనిషివంటారు. పోతే తిరిగొచ్చే నమ్మకం లేదు. బాలకిషన్ సౌదీ నుంచి రాకముందే అతని దోస్తు దేవదాస్ అలాగే జీపుతో పోయి మందుపాతరకు బలయ్యాడు. సంచిలో కట్టి తెచ్చింది తన మొగుడినో మరొకరినో కూడా తెలియలేదని అతని భార్య ఇంకా ఏడుస్తూనే ఉంది.

“సారూ, ఈయినకు మన రోడ్ల అలవాటు తప్పింది. ఊళ్లె ఎవలనన్న అడుగుండ్రి,” అంది లీల చేతులు జోడించి.

“రెండు దెబ్బలు పడితె అన్ని యాదికొస్తయి. నడువ్,” అన్నాడు ఒకడు.

బాలకిషన్ చెప్పులు తొడుక్కుని వాళ్ల ముందు జీపు దగ్గరికి నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

లీల పొయ్యి ముట్టించలేదు. గడపలోనే కూర్చుంది. ఎండ నడినెత్తికొచ్చే వేళకు బాలకిషన్ జీపు నడుపుకుంటూ వచ్చాడు. చెంప ఉబ్బింది. పెదవి చిట్లింది. ఠాణా దాటిన మొదటి మలుపులోనే జీపును ఎదురొచ్చే బస్సు మీదికి పోనిచ్చాడట. ఎస్సై కిందికి గుంజి కొట్టి, “నీతోని చావాల్నారా మేము?” అని బండితో సహా తరిమేశాడట.

లీలకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గబగబా అన్నం వండి ముందు పెట్టింది. అతను ముట్టలేదు.

“నన్ను దింపి ఇంకో జీపును పట్టుకున్నరు,” అన్నాడు. “అండ్ల ఎవలు పోయిండ్రో.”

లేచి వెళ్లి ఠాణా ఎదురుగా, రోడ్డు పక్కన కూర్చున్నాడు. పొద్దుగూకే వేళకు దుమ్ము కొట్టుకుపోయిన జీపు ఒకటి తిరిగొచ్చింది. దాని డ్రైవరు దిగి, బోరింగు దగ్గర మొహం కడుక్కోవడం చూశాకే బాలకిషన్ ఇంటికి కదిలాడు. ఇంటికొచ్చి ఆ చల్లారిన అన్నమే తిన్నాడు.

మర్నాడు శంకరయ్య తాళంచెవి అడిగాడు.

“ఏమనుకోకు తమ్మీ. ఎస్సై నామీద ఎగిరిండు. గిసొంటోనికి బండెట్ల ఇచ్చినవ్ అన్నడు.”

బాలకిషన్ తీసి ఇచ్చేశాడు. జీపు బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసి, తీసేశాడు.

సిరిసిల్లలో లీల మేనమామ పెంటయ్య మరమగ్గాల మీద పని చేస్తాడు. బాలకిషన్‌కు కూడా పని ఇప్పిస్తానని కబురు పంపాడు. గిన్నెలు, బట్టలు రెండు మూటలు కట్టుకుని మొగుడూ పెళ్లాం బస్సెక్కారు. రుద్రంగి దాటాక లీల దుఃఖం ఆపుకోలేకపోయింది.

“ఎసొంటి చెయ్యి నీది! జీపుల నీళ్లచెంబు పెడితె తొణకకపోయేది. ఆరేండ్లు గా దేశంల కుడిపక్క నడిపి నడిపి, ఉన్న ఒక్క పనితనం పోగొట్టుకుంటివి.”

బాలకిషన్ చాలాసేపు బస్సు డ్రైవరు చేతులనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ముందు సీటు వైపూ, వెనక సీటు వైపూ చూసి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“సౌదీల నేను స్టీరింగు ముట్టనే లేదు లీలా, ఆరేండ్లు గొర్లు కాసిన.”