కాగితం మీద లేని ప్రశ్న

"మిస్, మీ జాకెట్టు చంక దగ్గర కుట్టు విడిచింది. భోజనాల వేళ రెండు కుట్లు వేసిస్తాను."

డాక్టర్ ఇరేషా చెయ్యి చప్పున కిందికి దించుకుంది.

"తవమలరక్కా, నీకు జీతమిచ్చేది మాటలు అటూ ఇటూ చేర్చడానికి. నా చంకలు చూడ్డానికి కాదు."

"నేను చూడలేదు మిస్. అదే కనబడింది."

తవమలర్ ఆ క్లినిక్కులో దుబాసీ. అంతకుముందు బట్టలు కుట్టి బతికింది. ఎవరెదురైనా ముందు కుట్టు చూసి, తరవాత మొహం చూస్తుంది.

ఇరేషా శ్రీలంకలో సింహళులుండే క్యాండీ మనిషి. ఈ తమిళుల ఊరు వవునియాకు వచ్చి ఏడాది కాలేదు, తమిళం ముక్క రాదు. యుద్ధం అయిపోయినా ఇంకా అందులోనే ఉండిపోయినవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి, అచ్చువేసిన ప్రశ్నలడిగి, జవాబు జవాబుకూ మార్కులు వేయడం ఆమె పని. వైద్యం ఎవరికన్నది ఆ మార్కులే తేలుస్తాయి. ప్రశ్నలో అక్షరం మారకూడదు. దుబాసీ తనదంటూ ఒక్క మాటా కలపకూడదు. రోగి 'నేను' అంటే తనూ 'నేను' అనాలి.

తవమలర్ ఏనాడూ ఆ నియమం తప్పలేదు. ఒకసారి ఓ ముసలామె భోరుమంటే, "నేను ఏడుస్తున్నాను మిస్" అని పొడికళ్ళతో అప్పజెప్పింది కూడా.

ఆ రోజు వచ్చినవాడు యోగరాసా, జాలరి. బల్ల మీద రికార్డరు తిరుగుతోంది. కొలంబోలో ఇంకో డాక్టరు అదే విని వేరేగా మార్కులు వేయాలి.

"మీకు జరిగినవాటిలో అన్నిటికన్నా ఘోరమైనది ఏది?" ఇరేషా చదివింది.

యోగరాసా నేల చూస్తూ చెప్పాడు. తవమలర్ వెంటవెంటనే అందించింది.

"ఉప్పుకయ్య దాటుతున్నాం. పీకల్లోతు నీళ్ళు. పైనుంచి తూటాలు. నా పక్కన ఓ కుర్రాడు. నెత్తిన గోనెలో చుట్టిన కుట్టుమిషను. పారేయరా, చస్తావు అన్నాను. అమ్మ వదలొద్దంది అన్నాడు."

"తరవాత?"

"మునిగాడు. నేనే ఒడ్డుకు లాగాను. అప్పటికే పోయాడు. నేనే పూడ్చాను."

ఈ తవమలర్‌కు గొంతు కూడా వణకదు, రాయి, అనుకుంది ఇరేషా. తరవాతి ప్రశ్న చదివింది.

"గత నెలలో ఈ సంగతి మీరు వద్దనుకున్నా గుర్తుకొచ్చిందా?"

తవమలర్ ఆ ప్రశ్న అందించలేదు. తమిళంలో ఇంకేదో అడిగింది. ఇరేషాకు అందులో 'మిషన్' అన్నదొక్కటే అర్థమైంది. యోగరాసా తలెత్తాడు. ఏదో చెప్పి, ఏదో అడిగాడు. తవమలర్ బల్ల మీదికి వంగి, గబగబా మళ్ళీ ఏదో అంది.

"చాలు! ఆపు!" అని అరిచింది ఇరేషా.

యోగరాసా లేచాడు. కుర్చీ వెల్లకిలా పడింది. తవమలర్‌నే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మం దాటి పరుగందుకున్నాడు. ఆమె వెంటపడబోతే ఇరేషా జబ్బ పట్టుకుంది.

"వదలండి మిస్. ఒక్క మాట..."

"ముందు చెప్పు, ఏమడిగావు?"

"మిషను పిడి సంగతి."

"దర్జీ బుద్ధి పోనిచ్చావు కాదు! ఓ పిల్లాడి ప్రాణం పోయిందని చెబుతుంటే నీకు మిషను పిడి కావాల్సొచ్చిందా?"

"అది కాదు మిస్, చెప్పేది వినండి, నేను..."

"వినేదేం లేదు. రేపట్నుంచి రావద్దు."

చెయ్యి వదిలేసరికి ఆయన ఎక్కిన బస్సు కదిలిపోయింది.

తరవాత చాలా రోజులు తవమలర్ గేటు దగ్గరే కూర్చుంది.

"ఆయనది ఏ ఊరో చెప్పండి మిస్. ఇంకేం అడగను."

"రోగుల వివరాలు బయటపెట్టకూడదు. ఆ సంగతి నీకు నేను చెప్పాలా?"

ఇంకోసారి ఏదో చెప్పబోయింది. ఇరేషా కారు అద్దం ఎత్తేసింది.

"ఉద్యోగం కోసం కాళ్ళావేళ్ళా పడుతోంది మిస్" అన్నాడు వాచ్‌మన్.

"పంపించెయ్."

కొన్నాళ్ళకు ఆమె రావడం మానేసింది. ఎటు పోయిందో ఎవరూ అడగలేదు.

యోగరాసా కూడా మళ్ళీ రాలేదు. ఆస్ట్రేలియా పోతామని బయల్దేరిన పడవ ఎక్కాడట. ఆ పడవ ఏ ఒడ్డునా తేలలేదు. ఇరేషా నిట్టూర్చి ఆయన కాగితాలు కట్టగట్టేసింది.

ఇక ఆ రికార్డింగు మిగిలింది. తమిళమంతా తర్జుమా చేసి పంపమన్నారు కొలంబో నుంచి. రిటైరైన కుగదాసన్ మాస్టారు ఓ చేత్తో చేప బన్ను తింటూ, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు.

"దుబాసీ అంటే ఈవిడండీ! ఒక్క మాట జారనీలేదు. ఇలాంటి మనిషిని ఎందుకు తీసేశారు మిస్?"

"చివరిదాకా వినండి మాస్టారూ. కుట్టుమిషను కబుర్లు మొదలెట్టింది."

మాస్టారు విన్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. బన్ను కాగితంలో పెట్టేశాడు.

"ఏం, ధర అడిగిందా?" నవ్వింది ఇరేషా.

"చక్రం పిడి విరిగితే వేపకర్ర పెట్టి తీగతో కట్టి ఉందా, అని అడిగింది. ఉంది, నీకెలా తెలుసక్కా, అన్నాడు."

"ఊఁ, తరవాత?"

మాస్టారు చెవుల నుంచి తీగలు తీసి బల్ల మీద పెట్టాడు.

"'వదలొద్దని చెప్పిన ఆ తల్లిని నేనే తమ్ముడూ, నా బిడ్డనెక్కడ పూడ్చావు' అంది మిస్... ఆ పైన వినబడేది మీ గొంతే."