పడవలో రెండో చోటు

ఏసోబు ఈసారి రాడేమో అనుకున్నాడు పేరయ్య. వచ్చాడు. మాసిన గడ్డం, గుంటలు పడ్డ కళ్ళు, ఒంటి మీద వేలాడే చొక్కా. ఇనప జాలీకి అవతల కూర్చుని, పలకరింపుగా ఓ దగ్గు దగ్గాడు.

జైలు పక్క స్థలంలో ఎవరో మిరపకాయలు ఆరబోశారు. ఆ ఘాటుకి ములాఖత్ గదిలో వార్డరుతో సహా అందరూ దగ్గుతూనే ఉన్నారు. చట్టం సంగతేమో గానీ, మిరపకాయ ముందు మాత్రం అందరూ సమానమే.

పేరయ్య వాలకం వేరు. నున్నగా గీసిన గడ్డం, ఉతికిన తెల్లచొక్కా, కాస్త బొజ్జ. పెళ్ళికొచ్చినవాడిలా ఉన్నాడు.

"ఏరా, తింటున్నావా?"

"ఏం తిండిలే. నీళ్ళ పప్పు, ముద్దన్నం. తెల్లారకముందే లేపుతారు. తలలు లెక్కపెట్టి పనికి తోలతారు. పొద్దుగూకితే మళ్ళీ లెక్కపెట్టి రేకుల షెడ్డులో కుక్కుతారు. ఎలీసమ్మ పోయాక ఇంకెవరి కోసంరా ఇదంతా?"

ఎలీసమ్మ ఏసోబు భార్య. పోయి ఏడాదయింది. క్రిస్మస్ ములాఖత్‌లో "నేనూ పోతాలేరా" అన్నాడు ఏసోబు. ఎక్కడికని పేరయ్య అడగలేదు. అడిగితే చెప్పేసేవాడు. ఓదార్చడం పేరయ్యకి చేతకాదు, తిట్టడమే వచ్చు. అందుకని సినిమా కథ ఎత్తుకున్నాడు.

అదో పాత ఇంగ్లీషు సినిమా. తెలుగు మాటలు పెట్టి టీవీలో వేస్తే, ఓ ఆదివారం ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని చూశాడు. జైల్లో ఇద్దరు స్నేహితులు. ఒకడు పొడుగోడు, ఒకడు పొట్టోడు. పొడుగోడు జైలు వడ్రంగి షెడ్డులో కుర్చీలు చేస్తూ, ఒక్కో చెక్కా నొక్కేసి దొంగచాటుగా పడవ కడుతుంటాడు. పొట్టోడు వాణ్ణి చూసి నవ్వుతుంటాడు. గోడ దాటితే సముద్రం.

రెండు గంటల సినిమాని పేరయ్య క్రిస్మస్ నుంచి చెబుతున్నాడు.

"ఎక్కడ ఆపావురా?" అన్నాడు ఏసోబు.

"పడవ నీళ్ళలోకి దించారు."

"అది పోయిన నెలే దించావు."

"చిల్లు పడింది. బాగుచేసి మళ్ళీ దించారు. ఈలోపు జైలరుకి అనుమానం వచ్చింది. వాణ్ణి ఏమార్చాలి గదా? ఎడ్ల పందెం పెట్టించారు."

ఏసోబు జాలీకి మొహం ఆనించాడు. "ఒరేయ్, ఇంగ్లీషోళ్ళ సినిమాలో ఎడ్ల పందెమేంట్రా?"

"ఒంగోలు గిత్తలు. ఓడలో తెప్పించారు. ఖర్చుపెట్టి తీసిన సినిమా అది, నీకేం తెలుసు!"

ఏసోబు నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. వార్డరు విసుగ్గా చూశాడు. పేరయ్యకి ప్రాణం లేచొచ్చింది.

"అసలు సంగతి చెప్పరా. ఆ పడవలో ఇద్దరికి చోటుందా? పొడుగోడొక్కడే పోతాడా?" అడిగాడు ఏసోబు.

సినిమా ఆఖరు పేరయ్యకి బాగా తెలుసు. చెబితే కథ అయిపోతుంది. కథ అయిపోతే వీడు...

"ఈసారొచ్చినప్పుడు చెప్తా."

"ఇప్పుడే చెప్పు. ఈసారికి నేనుంటానో లేదో."

"ఉండవా? అయితే పొట్టోడు ఒడ్డునే నిలబడి ఏడుస్తుంటాడు. ఆ పాపం నీదే."

"ఛీ, నీతో స్నేహం చేశాను చూడు!"

"ఏసోబూ." పేరయ్య గొంతు తగ్గింది. "బయటపడ్డ రోజున ఇద్దరం కొత్తపట్నం సముద్రం ఒడ్డుకి పోదాం. ఇసకలో కూర్చుని చేపల పులుసు తిందాం. అప్పటిదాకా ఎక్కడికీ పోనని ఎలీసమ్మ మీద ఒట్టెయ్యి."

ఏసోబు తన వాచిన వేళ్ళు చూసుకున్నాడు.

"మేం ఒట్లు వెయ్యకూడదు. పాస్టరుగారు తిడతారు. మాకు అవునంటే అవునే."

"అయితే ఆ అవునేదో అను."

"అవును." మళ్ళీ జాలీకి మొహం ఆనించి అన్నాడు, "గిత్తల్ని మాత్రం గెలిపించు."

బెల్లు మోగింది.

మేస్త్రీ మళ్ళీ తలలు లెక్కపెట్టేలోగా మిరపకోత కూలీల ఆటో అందుకోడానికి ఏసోబు గేటు దాటి రోడ్డు మీదికి పరిగెత్తాడు. వార్డరు నంబరు పిలవగానే, జైలు వాళ్ళిచ్చిన తెల్లచొక్కా సర్దుకుంటూ తన బ్యారక్‌లోకి నడిచాడు పేరయ్య.