పై గది

"మళ్లా చెప్తున్న. ఆ పై గది ఎవ్వలకూ ఇయ్య," అన్నాడు గంగారాం.

హిమశ్రీ టీ గ్లాసు కింద పెట్టింది. పొద్దున్నుంచి ఇదే పంచాయితీ. ఇంకాసేపట్లో ఆర్కిటెక్ట్‌ను కలవాలి. మొదటిసారి. ఎవరికేం కావాలో ఇంట్లోనే తేల్చుకుని రండి, నా ముందు కొట్లాడుకుంటే పని ఒప్పుకోను అని ఆవిడ ఫోన్‌లోనే చెప్పింది. ఇక్కడ ఒక్కటీ తేలలేదు.

కింద మరమగ్గాలు ఆడుతున్నాయి. సిరిసిల్ల నుంచి ఈ గుజరాతీ ఊరికి బతకొచ్చిన వాళ్లుండేది సలాబత్‌పురాలో, కార్ఖానా మీది రెండు గదుల్లో. మగ్గాల చప్పుడుకు గోడ మీది అద్దం ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. హిమశ్రీ మెట్ల మీద చాప పరిచి, మగ్గాలవాళ్ల పిల్లలకు గొంతు చించుకుని ట్యూషన్ చెబుతుంది. ఆమె పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ డిగ్రీ పాసైనది తను ఒక్కతే అనుకుంటుంది. ఊరి బయట కామ్‌రేజ్‌లో ప్లాటు కొన్ననాటి నుంచి ఆమె అడిగింది ఒకటే. పైన ఒక గది. తలుపు మూస్తే చప్పుడు వినబడని గది.

మామ కుదరదన్నాడు. పైన గది ఉండాలి, కానీ ఖాళీగా ఉండాలి. దానికి పెద్ద కిటికీ పెట్టాలి. కిటికీ కింద పొడుగు బల్ల పట్టాలి. ఆ బల్ల ముందు ఎవరు కూర్చోవాలో మాత్రం చెప్పడు.

"ఎవరికోసం మామయ్యా?"

"వచ్చేటోళ్లకు."

"ఎవరొస్తరు? నాకు ఆడబిడ్డలన్న లేరాయె. సిరిసిల్ల చుట్టాలొస్తే హాల్ల పండుకుంటరు."

వంటింట్లో అత్త ఎల్లవ్వ చేట చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

హిమశ్రీ భర్త వైపు చూసింది. రాంప్రసాద్ చొక్కా మీద లేని మరక తుడుచుకుంటున్నాడు. బాపుతో నువ్వే మాట్లాడుకో అన్నాడు. నిన్నా అదే అన్నాడు. పెళ్లై ఏడాదైంది, తండ్రి ముందు అతను నోరు విప్పగా ఆమె చూడలేదు.

పోనీ వంటగది సంగతైనా తేలుద్దామని లోపలికి వెళ్లింది. ఎల్లవ్వ తెల్లవారకముందే తలస్నానం చేసింది. కొడుకు పెళ్లికి కట్టిన పట్టుచీర కట్టింది. చేతులకు పసుపు. ఏదో మూట కడుతోంది.

"గ్యాస్ పొయ్యి ఏ దిక్కుకుండాలె అత్తమ్మా? ఆమె అడుగుతది."

"ఏ దిక్కైతేంది బిడ్డా. ఆమెకు తెల్వదా?"

"మనింటి సంగతి ఆమెకెట్ల తెలుస్తది?"

ఎల్లవ్వ మూట ముడి బిగించింది.

ఆ మూటొకటి. ఆఫీసుకు మూటలు మోసుకుపోతే నవ్వుతారని హిమశ్రీ చెప్పి చూసింది. ఉట్టి చేతులతో పోకూడదంది అత్త. దగ్గరికి వెళ్లి అందుకోబోతే అత్త ఆమె చెయ్యి పక్కకు తీసేసింది.

అసలు ఈ ఆర్కిటెక్టే ఎందుకో హిమశ్రీకి అర్థం కాలేదు. ప్లాటుకు దగ్గర్లోనే ఇద్దరున్నారు. ఊరికి ఆ చివర అడాజణ్‌లో ఉన్న ఈవిడే కావాలని మామ పట్టుబట్టాడు. పోనీ తనే ఫోన్ చేశాడా అంటే అదీ లేదు. చదువుకున్నదానివి, నువ్వే హిందీలో మాట్లాడమన్నాడు. గంగారాం గారింటి నుంచి అనగానే ఫోన్ కట్టయిందనుకుంది హిమశ్రీ. చాలాసేపటికి, పెద్దవాళ్లను తప్పకుండా తీసుకురండి అని వినబడింది.

రింగ్ రోడ్ మీద చీరల మూటల టెంపోల మధ్య ఆటో ఇరుక్కుపోయింది. హిమశ్రీ ఆఖరిసారి బతిమాలింది.

"మామయ్యా, జర ఆమె ముందట గది లొల్లి పెట్టకుండ్రి. పని ఒప్పుకోకుంటే ఇల్లు మళ్ల ఎనుకకు పోతది."

"గా గది లేకుంటే నాకు ఇల్లే వద్దు."

ఆమె తల తిప్పేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లలు మెట్ల మీద చదవాలి, ఎవరూ రాని గదికి మాత్రం కిటికీ, బల్ల కావాలి. ఇదెక్కడి న్యాయం?

ఆఫీసు తలుపు మీద ఊర్మిళ మెహతా అని గుజరాతీలో, ఇంగ్లిష్‌లో రాసి ఉంది. లోపల చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. వీళ్లు రాగానే ఊర్మిళ లేచి నిలబడింది. అందరూ కూర్చున్నాక కూడా కాసేపు అలాగే నిలబడింది.

తర్వాత ప్లాటు నక్షా పరిచి, తల వంచుకునే ఒక్కొక్కటి అడిగింది. హాలు, వంటిల్లు, నీళ్ల ట్యాంకు. అన్నింటికీ హిమశ్రీయే జవాబు చెప్పింది. గంగారాం నేల చూపులు చూస్తున్నాడు. రాంప్రసాద్ గోడ మీది ఫొటోలు చూస్తున్నాడు. హిమశ్రీకి తల కొట్టేసినట్టయింది.

చివరికి ఊర్మిళ పెన్సిల్ తీసుకుని హిందీలో అడిగింది.

"పైన ఒక్క గది పడుతుంది. అది ఎవరికి?"

భయపడ్డదే వచ్చింది. హిమశ్రీ మామ వైపు చూసింది. ఇంటి దగ్గర అంత గొంతు చేసిన మనిషి, ఇక్కడ చేతిరుమాలు నలుపుతున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. ట్యూషన్‌కని తనే చెప్పేద్దామని నోరు తెరిచింది.

అంతలో ఎల్లవ్వ మూట పట్టుకుని లేచింది. బల్ల చుట్టూ తిరిగి ఆవిడ కుర్చీ దగ్గరకు వెళ్లింది.

"అత్తమ్మా, వద్దు," అంది హిమశ్రీ.

ఊర్మిళ ఏమీ అడగకుండా చున్నీని ఒడిలో పరిచి పట్టింది, ఎల్లవ్వ పసుపు బియ్యం దోసిలితో తీసి, పెళ్లినాడు పుట్టింటివాళ్లు పోయని ఒడిబియ్యాన్ని తన కూతురి ఒడిలో పోసింది.