గరగరలాడే పాత కార్డు

"ఆ పాత కార్డు పారేసినావా, ఉండాదా?"

సగం తెరిచిన తలుపులోంచి తల లోపలికి పెట్టిన బాలసుబ్బయ్యను చూడగానే పెద్దిరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పక్క గది మనిషి. రాయచోటి నుంచి వచ్చి ఇక్కడ కువైట్‌లో ట్రక్కు నడుపుతున్నాడు. ఇద్దరి గదులకీ మధ్య ఉన్నది గోడ కాదు, ఒట్టి ప్లైవుడ్ చెక్క. ఫర్వానియాలో ఫ్లాటు అద్దెకు తీసుకున్న ఖాసిం వలి, దాన్ని చెక్కలతో గదులుగా విడగొట్టి మనవాళ్లకు ఇచ్చాడు. ఇటు తుమ్మితే అటు నుంచి "చిరంజీవ" అని వినిపిస్తుంది.

"ఉందండి. అమ్ఘరాలోని పాత సామాన్లోళ్లకి ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఇప్పుడేం చప్పుడు రావట్లేదు కదండీ?"

"అదే... రావడం లేదు," అన్నాడు బాలసుబ్బయ్య, అదేదో పెద్ద నేరమైనట్టు.

పెద్దిరాజుది అమలాపురం పక్క. పగలు కువైట్ సిటీలో ఆఫీసు పని, సాయంత్రాలు ఊళ్లో జరిగిన పెళ్లిళ్ల వీడియోల ఎడిటింగు. ఆ పనికి కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డే ప్రాణం. పాతదాని ఫ్యాను అరిగిపోయి పిండిమరలా గరగరలాడేది. బాలసుబ్బయ్య అవతల నుంచి చెక్క మీద దబదబా బాదేవాడు. చివరికి ఖాసిం వలి వచ్చి, ఇంకొక్కసారి ఆ చప్పుడు వినబడితే గది ఖలాస్ అని తేల్చి చెప్పేశాడు. ఈ గది పోతే పెద్దిరాజుకి నలుగురుండే గదిలో ఒక మంచమే గతి. అక్కడ కంప్యూటర్ పెట్టుకోనిచ్చేదెవరు? పైగా పాత కార్డుకి తెర తగిలించే చోటు కాలిపోయింది. అందుకే మొన్న కొత్త కార్డు కొని బిగించి, హమ్మయ్య అనుకున్నాడు.

"దాన్ని కూడా పెట్టబ్బా," అన్నాడు బాలసుబ్బయ్య.

"దేన్నండీ?"

"ఆ పాతదాన్ని. కొత్తదాని పక్కన. రెండూ కలిసి పని చేయవా?"

"చేస్తాయండి. తెర మీద బొమ్మ కొత్తది చూసుకుంటది, లోపలి లెక్కల పని పాతది కూడా పంచుకుంటది. వీడియో తొందరగా తయారవుద్ది. కానీ దాని ఫ్యాను సంగతి మీకు తెలుసు కదండీ!"

"ఇంకేమబ్బా! కాడికి రెండెద్దులుండాల. ఒక్కదాన్నే కడితే పాపం, అదెంతకని లాగుతాది?"

మొన్నటిదాకా చెక్క పగిలేలా బాదిన మనిషికి ఇప్పుడు కార్డు మీద ఇంత జాలేమిటి? పెద్దిరాజుకి ఠక్కున గుర్తొచ్చింది. ఈమధ్యే ఈయన టేపు పట్టుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకి కొలుస్తున్నాడు. ఓహో, అదా సంగతి! చప్పుడు చేయించి, తనని గెంటించి, చెక్క పీకేసి రెండు గదులూ ఒకటి చేసుకుందామని ఎత్తు. ఎంత అమాయకంగా మొహం పెట్టాడో చూడు!

"పోనీ ఫ్యానులో చుక్క నూనె వేసి పెడతానండి. కిక్కురుమనదు."

"నూనె గీనె వద్దబ్బా!" బాలసుబ్బయ్య కంగారుగా గదిలోకే వచ్చేశాడు. రంగు వేసిన మీసం నిగనిగలాడుతోంది. "దాన్ని కెలకొద్దు. ఎట్లుండేదాన్ని అట్లనే పెట్టు."

"ఖాసిం వలి గారు నన్ను వీధిలో నిలబెడతారండి బాబూ!"

"ఆయప్పతో నేను మాట్లాడతా. యల్లా, కానీ."

నిమిషంలో వెళ్లి గిన్నెతో తిరిగొచ్చాడు. పొగలు కక్కుతున్న రాగి సంగటి, పైన కోడికూర. రోజూ ఖుబ్బూస్ రొట్టె పెరుగులో ముంచుకుని తినే మనిషి! లంచం అన్నమాట, అనుకున్నాడు పెద్దిరాజు. అనుకుంటూనే గిన్నె ఊడ్చేశాడు. కోనసీమవాడికి సంగటి ఎక్కదంటారు గానీ, ఆ కూరతో రాళ్లయినా దిగుతాయి.

కడుపు నిండాక మనసు మెత్తబడింది. ఒక పెళ్లి వీడియో ఇంకా సగంలోనే ఉంది, పెళ్లికూతురి తండ్రి పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తున్నాడు. కంప్యూటర్ విప్పి, కొత్త కార్డు కింది అరలో పాతదాన్ని కూర్చోబెట్టి, వైరు తగిలించి మీట నొక్కాడు. తెర మీద రెండు కార్డుల పేర్లూ కనిపించాయి. వీడియో పని చకచకా సాగింది. దాంతోపాటే ఫ్యానూ అందుకుంది, గర్ర్ర్... గరగర గరగర.

ఎందుకైనా మంచిదని చెక్కకు చెవి ఆనించాడు. అవతల నుంచి బాదడం లేదు, దగ్గు లేదు. ఉన్నా ఈ గోలలో వినబడేట్టు లేదు.

అంతలో తలుపు తోసుకుని ఖాసిం వలి వచ్చాడు. పెద్దిరాజు పై ప్రాణాలు పైనే పోయాయి.

"తీసేస్తానండి! బాలసుబ్బయ్య గారే పెట్టమన్నారండి, ఒట్టండి. ఇదిగో, ఇప్పుడే ఆపేస్తాను!"

మీట మీదికి పోయిన చేతిని ఖాసిం వలి గబుక్కున పట్టుకున్నాడు.

"ఆపినావంటే గది ఖలాస్!"

పెద్దిరాజు నోరు తెరిచాడు. "అదేంటండీ! మొన్నేమో మోగితే ఖలాస్ అన్నారు. ఇయ్యాల ఆపితే ఖలాసా? మీరిద్దరూ కలిసి నన్నేం చేద్దామనండీ?"

ఖాసిం వలి తలుపు దగ్గరికి వేసి, చెక్క వైపు ఒకసారి చూసి, ముసిముసిగా నవ్వుతూ అతని చెవి దగ్గరికి వంగాడు.

"బాలసుబ్బయ్య పెండ్లాం ఇన్నేండ్లు ఎగైలాలో అరబ్బు ఇంట్లోనే ఉండి పని చేసిందా, ఈ పొద్దే కాపురానికొచ్చిందబ్బా."