ఉప్పుటేటి దిమ్మలు

“రాయమాకండి బాబుగారూ,” అంటూ యాకోబు ఓవర్సీరు భీమశంకరం చేతిలోని పెన్సిలు పట్టుకున్నాడు.

భీమశంకరం తలెత్తి చూశాడు. ఐదేళ్లుగా మూణ్ణెల్లకోసారి బందరు నుంచి పడవలో ఈ ఉప్పుటేటి ఒడ్డుకి వస్తున్నాడాయన. నీళ్లలో మునిగి ఉన్న కాంక్రీటు దిమ్మ ఒకటి తీయించి, సుత్తితో పగలగొట్టి, ఉప్పు లోపలికి ఎంత దిగిందో పుస్తకంలో రాసుకుంటాడు. గుడివాడ స్టేషన్లో రైలింజన్లు పారబోసే బొగ్గు చిట్టెం కలిపి పోసిన దిమ్మలవి. ఉప్పుకి తట్టుకుంటే అవతలి లంకలో సముద్రపు పోటుకి అడ్డంగా కట్టే తూముకి అదే వాడాలని ఇంజనీరు దొర ఈ పరీక్ష మొదలుపెట్టించాడు.

ఇవాళ పగిలిన దిమ్మలో పైపొర మీదే ఉప్పు. లోపలికి దిగిన జాడ లేదు.

“ఎందుకు రాయొద్దు? దిమ్మ గట్టిగానే ఉందిగా.”

“అదేనండి తంటా.”

“గట్టిగా ఉంటే తంటా ఏమిటయ్యా? మెత్తగా ఉంటే అన్నంలోకి నంజుకుంటావా?”

యాకోబు నవ్వలేదు. ఉప్పు కొటార్లకి కాపలా ఉంటాడతను. వాటిని విడిచి ఎటూ కదలడానికి లేదు. కోసెడు దూరంలో మరో గుడిసె లేదు. తాగే నీళ్లు కూడా పడవ మీద రావలసిందే. అయినా భీమశంకరానికి గ్లాసు ఎప్పుడూ అంచుదాకా నింపి ఇస్తాడు. ఇప్పుడూ అలాగే ఇచ్చి, ఆయన తాగేదాకా ఆగాడు.

“ఇది మీరు వేసిన దిమ్మ కాదండీ. నేను పోసింది.”

“నువ్వా?”

“మీవి పన్నెండేగా. అయ్యెప్పుడో అయిపోయినయ్యి. ఆ తర్వాత మీరు పగలగొట్టినవన్నీ నావేనండి. అప్పట్లో మీరిక్కడ వదిలేసిన చిట్టెంలో గుల్లసున్నం కలిపి పోసి, మీరొచ్చే ముందు ఏట్లో పడేస్తున్నా.”

“ఎందుకు చేశావయ్యా ఈ పని?”

“దిమ్మలు లేకపోతే మీరు రారుగా. మా ఇంటిది మార్తమ్మ పోయాక నా ఎదురుగా కూర్చుని ముద్ద తినే మనిషి మీరొక్కరేనండి.”

భీమశంకరం ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. “మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?” అన్నాడు.

“మీ రాత నమ్మి దొరగారు తూము కట్టిస్తారు. అది కూలితే ఉప్పునీళ్లు చేలల్లో పడతయ్యి. ఊళ్లకూళ్లు పస్తులుంటయ్యి. ఇన్నాళ్లూ ఆ మాట గొంతులోనే ఉందండి. పైకి రాలా.” పెన్సిలు వదిలేసి ఏటివైపు తిరిగాడు. “పరీక్ష అయిపోయిందని చెప్పేయండి దొరగారికి. ఇంక మీరు రానక్కర్లేదు.”

భీమశంకరం పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు. పొద్దున్నే తనే వండుకుని తెచ్చుకున్న పులిహోర మూట విప్పి, రెండాకుల్లో సమంగా సర్దాడు. వేరుశెనగపప్పులు ఎక్కువ పడిన ఆకు యాకోబు ముందుకి జరిపాడు.

“తూము రాతితో కట్టేసి రెండేళ్లయింది యాకోబూ,” అన్నాడు. “దిమ్మలు అయిపోయాయని నువ్వెక్కడ చెప్పేస్తావో అని వచ్చిన ప్రతిసారీ భయపడుతూనే ఉన్నాను.”