పక్కగది ఎల్లేష్

అల్యూమినియం గొట్టం బబ్లూ చేతిలోంచి జారింది.

డాబా మెట్ల మీద గణగణమంటూ దొర్లి, కింద పళ్ళు తోముకుంటున్న ఎల్లేష్ కాళ్ళ దగ్గర ఆగింది.

"ఏంది తమ్మీ ఇది?" అన్నాడతను, బ్రష్ నోట్లోంచి తీయకుండానే.

"నీళ్ళ పైపు," అన్నాడు రమాకాంత్ పైనుంచి.

ఎల్లేష్ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీళ్ళ పైపుకు రెక్కలెందుకు?"

రమాకాంత్ గబగబా దిగొచ్చి గొట్టం లాక్కున్నాడు.

అది రాకెట్. కిలోమీటరు ఎత్తు ఎగరాల్సిన రాకెట్. ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదువుతున్న రమాకాంత్, బబ్లూ, భాగ్యశ్రీ ఏడాదిగా దాని మీదే ప్రాణాలు పెట్టుకున్నారు. వచ్చే వారమే యూనివర్సిటీల మధ్య పోటీ. గెలిస్తే పరిశోధనశాలలో చోటు. గెలవకపోతే రమాకాంత్‌కు బాబాయి సిమెంటు దుకాణమే గతి.

అశోక్‌నగర్‌లో కమలవ్వ డాబా మీద రెండు గదులు. ఒకటి వీళ్ళ పనికి కిరాయికి తీసుకున్నది. రెండోదాంట్లో ఈమధ్యే ఎల్లేష్ దిగాడు. పాలమూరు వైపు మనిషి. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. సర్కారు కొలువు కోసం ఆ వీధుల్లో తిరిగే వందలమందిలో ఒకడు.

రాకెట్ మందు పంచదార పాకంలాగే వండాలి. ఆ వాసనకు కమలవ్వ కిందినుంచి కేకేసేది.

"ఏం బిడ్డా, అరిసెలా? మాకు గూడ రెండు పెట్టున్రి!"

"పాకం కుదరలే అవ్వా!" అనేవాడు బబ్లూ.

కమలవ్వ నమ్మింది. ఎల్లేష్ నమ్మలేదు.

"తమ్మీ, ఠాణాల చెప్పిన్రా?" అన్నాడొకరోజు. "కాలేజోళ్ళ కాయితమన్న ఉన్నదా? దినాలు మంచిగ లేవు. బాంబులని చెప్పి సంచి పట్టుకున్నోణ్ణల్ల ఆపుతున్రు."

కాయితం లేదు. ప్రిన్సిపాల్ రేపు మాపు అంటూ తిప్పుతున్నాడు. అసలే పుండు, దాని మీద కారం చల్లినట్టయింది రమాకాంత్‌కు.

"నువ్వు నీ జనరల్ నాలెడ్జ్ చదువుకో అన్నా. మా నాలెడ్జ్ మాకున్నది."

ఎల్లేష్ నవ్వి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

"ఈడు అవతలి టీం మనిషిరా," అన్నాడు బబ్లూ, అతను వెళ్ళాక. "లేకుంటే గిన్ని సవాళ్ళు అడుగుతడా?"

"పోలీసుల ఇన్ఫార్మరేమో," అన్నాడు రమాకాంత్.

"పాపం, మన మంచికే చెప్తుండు గదా," అంది భాగ్యశ్రీ. ఎవరూ వినిపించుకోలేదు.

రెండ్రోజులు పోయాక ముగ్గురూ నారాయణగూడలో పారాచూట్‌కు గుడ్డ కొనుక్కుని తిరిగొచ్చేసరికి, గేటు ముందు రెండు సైకిళ్ళు. కమలవ్వతో మాట్లాడుతూ రెండు ఖాకీ చొక్కాలు.

రమాకాంత్ తలెత్తి పైకి చూశాడు. డాబా మీద నీడలో డబ్బా నిండా మందుంది!

పక్కసందులోంచి మెట్లెక్కి పరుగెత్తారు.

పైన కుళాయి దగ్గర ఎల్లేష్. ఇస్త్రీ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో వాళ్ళ డబ్బా. మందంతా నీళ్ళలో కరిగి తూములోకి పోతోంది.

"అరే, మా..." అనబోయాడు బబ్లూ.

రమాకాంత్ అతని చెయ్యి నొక్కాడు. వెనకాల బూట్ల చప్పుడు.

హెడ్ కానిస్టేబుల్ ప్రహ్లాద్ ఎక్కి వచ్చాడు. డబ్బా అందుకుని, అడుగున మిగిలినదాన్ని వేలితో తీసి వాసన చూశాడు. ముఖం మారింది.

"ఏందిది?"

ఎల్లేష్ తడి చేతులు విదిలించుకున్నాడు.

"ఎవరిది?"

ఎల్లేష్ రమాకాంత్ వైపు చూశాడు. ఒక్కసారే.

ప్రహ్లాద్ ఇటు తిరిగాడు. "మీరు పక్కగదోళ్ళేనా? ఈ పిల్లగాడు ఎట్లాంటోడు?"

భాగ్యశ్రీ నోరు తెరిచేలోగా రమాకాంత్ ముందుకొచ్చాడు.

"మంచోడైతే కాదు సార్. ఎప్పుడు చూసినా మా గది చుట్టే తిరుగుతడు. ఆ డబ్బాతోని మాకేం సంబంధం లేదు."

ఎల్లేష్ తల వంచుకుని కుళాయి కట్టేశాడు. వాళ్ళ వెంట మెట్లు దిగిపోయాడు.

మళ్ళీ మందు వండే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వాళ్ళు లేకుండానే పోటీ జరిగిపోయింది. రాకెట్ గది మూలకు ఒరిగింది. భాగ్యశ్రీ మాటలు మానేసింది. బబ్లూ రావడం మానేశాడు. పక్కగదికి వేసిన తాళం వేసినట్టే ఉంది. గోడ అవతల మనిషి లేకపోతే ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని రమాకాంత్‌కు తెలియదు.

ఇక ఉండబట్టలేక ఒంటరిగా ఠాణాకు వెళ్ళాడు.

"ఆ డబ్బా మాదే సార్. రాకెట్ పోటీకి చేసినం. అతన్ని వదిలెయ్యండి. కావాలంటే నన్ను లోపలేయండి."

ప్రహ్లాద్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఆనాడే వదిలేసినం. బాంబు గాదని తేలింది. డబ్బా ఎవరిదో చెప్పమంటె మాత్రం సచ్చినా చెప్పలే. ఊరికి పోయిండు."

రమాకాంత్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కేసు లేదా సార్?"

"లేదు."

"బతికించిన్రు సార్! మీరు సోదాకొచ్చినప్పుడు..."

"సోదా ఏంది?" ప్రహ్లాద్ వింతగా చూశాడు. "సోదాకైతే సైకిళ్ళ మీదొస్తమా? మేమొస్తమని ఎల్లేష్‌కు ముందే ఎరుక."

"మరి ఎందుకొచ్చిన్రు?"

"కొలువుకు సెలెక్టయినోడు ఎట్లాంటోడో పక్కోళ్ళను అడగాలె, వాళ్ళు చెప్పింది రాసి పంపాలె," అన్నాడు ప్రహ్లాద్. "నువ్వు చెప్పిందే రాసి పంపినం తమ్మీ... వచ్చే నెల ఎస్సై ట్రైనింగుకు పోవాల్సిన పిల్లగాడు."